చిరాద్జులు కొండ కింద మా తొలి రోజులు

మా వారు జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్పి, చివరికి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేశాను. పిల్లల పెళ్ళిళ్లు అయిపోయి, ఒంగోలులో సొంత ఇంట్లో హాయిగా కూర్చోవాల్సిన వయసులో ఇద్దరం మలావికి బయల్దేరాం. ఆగ్నేయ ఆఫ్రికాలో మొజాంబిక్, జాంబియా, టాంజానియాల మధ్య ఇరుక్కున్న చిన్న దేశం అది. అక్కడి చిరాద్జులు జిల్లాలో ఒక బాప్టిస్టు సంఘం, పల్లె సంఘాల కాపరులకు, అంటే పాస్టర్లకు, ఇంగ్లీషు, సంఘం లెక్కలు రాయడం నేర్పడానికి అనుభవం ఉన్న దంపతులు ఎవరైనా ఉంటే పంపమని మా సంఘాన్ని అడిగింది. క్రిస్మస్ దాకా ఉండాలి. పిల్లలు వద్దన్నారు. మేము ప్రార్థన చేసుకుని సరేనన్నాం.

మనవాళ్లు మిషనరీలుగా సముద్రం దాటడం కొత్తేమీ కాదు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి వెళ్లి, అక్కడి తోటల్లో కూలీలుగా ఉన్న తెలుగువాళ్ల మధ్య పనిచేశారు. అయితే ఆయన వెళ్లింది తన భాష మాట్లాడే జనం దగ్గరికి. మేము వెళ్తున్న చోట మా మాట తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ టెన్షన్ నాకు బాగానే ఉండేది. పిల్లలకు పంపుదామని రోజూ రాత్రి కొంత రాసిపెట్టుకున్నాను. ఇది అందులోదే.

2024 జూన్ 5, బుధవారం

ముంబై ఎయిర్‌పోర్టులో రాత్రంతా మా వారు ఫోన్లో ఎన్నికల ఫలితాలు చూస్తూ కూర్చున్నారు. తెల్లవారేసరికి ఆకాశంలో ఉన్నాం. ఆడిస్ అబాబాలో విమానం మారి, మధ్యాహ్నానికల్లా బ్లాంటైర్‌లో దిగాం. ఇతియోపియా మీదుగా ప్రయాణం కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ పసుపు కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకుని వచ్చాం.

బ్లాంటైర్ పెద్ద ఊరే. 1876లో స్కాట్లాండ్ మిషనరీలు కట్టుకున్న స్థావరం చుట్టూ పెరిగింది. డేవిడ్ లివింగ్‌స్టన్ పుట్టిన ఊరి పేరే దీనికి పెట్టారు. పాస్టరుగారు, పాస్టరమ్మ ఇద్దరూ ఎదురొచ్చారు. ఆవిడ నన్ను చూడగానే మోకాళ్లు వంచి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని "ములి బ్వాంజీ" అన్నారు. ఎలా ఉన్నారు అని అడగడం. ఫోన్లో నేర్చుకున్న జవాబు గబగబా చెప్పేశాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

రోహిణీ కార్తె ఎండలోంచి వచ్చినవాళ్లం మేము. ఆఫ్రికా అంటే ఇంకా ఎండే అనుకుని అందరూ నూలు బట్టలే సర్దమన్నారు. ఇక్కడ చలి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం, జూన్ జూలై నెలలు చలికాలం. పైగా ఈ ప్రాంతం సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. మన దగ్గర క్రిస్మస్‌కి నర్సరీల్లో కుండీల్లో అమ్మే ఎర్రాకుల మొక్కలు ఇక్కడ రోడ్ల పక్కన మనిషెత్తు పెరిగి, జూన్‌లోనే ఎర్రగా మెరుస్తున్నాయి. ఐదున్నరకే చీకటి పడిపోయింది.

జూన్ 6, గురువారం

ఇల్లు ఎర్ర ఇటుకలతో కట్టింది, పైన రేకులు. రెండు గదులు, దోమతెర కట్టిన మంచం, వెనక వంటకొట్టు. కరెంటు ఉంటుంది, పోతుంది. పోయినప్పుడు బొగ్గుల కుంపటి. మా అమ్మ వాడిన కుంపటి లాంటిదే, కాకపోతే రేకుతో చేసింది. కుంపటి రాజేయడం చేతులు మర్చిపోలేదు. ప్లగ్గులకు మూడు చదరపు పిన్నులు. మా చార్జర్లు ఏవీ పట్టలేదు.

మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే ఎండ ఎటునుంచి పడుతోందో అర్థం కాక నిలబడిపోయాను. ఇక్కడ చలికాలంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం ఉత్తరం వైపుంటాడు. మా వారు కర్ర పాతి, నీడ కొలిచి, చుట్టూ చేరిన పిల్లలకు భూమి వాలు గురించి చేతులతో సైగలు చేసి చెప్పడం మొదలుపెట్టారు. భాష రాకపోయినా ఆయనకు పాఠం ఆగదు.

జూన్ 7, శుక్రవారం

సరుకులకి లింబే వెళ్లాం. అక్కడ గుజరాతీల దుకాణాలు వరుసగా ఉన్నాయి. ఆవాలు, జీలకర్ర, పసుపు, చింతపండు అన్నీ దొరికాయి. మన రూపాయికి 20 క్వాచాలకు పైనే వచ్చాయి, క్వాచా ఇక్కడి డబ్బు. నోట్ల కట్ట చూసి ఎక్కువనిపిస్తుంది, సంచీ నిండేసరికి కట్ట ఉండదు. ఈ ఏడు ఎల్ నినో వల్ల వానల్లేక మొక్కజొన్న ఎండిపోయింది. మార్చిలో దేశంలోని 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. పిండి మర దగ్గర ఆడవాళ్లు చిన్న గిన్నెలతో నిలబడి ఉన్నారు. నిండు బస్తా ఒక్కటీ కనబడలేదు.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా కోసేసిన మొక్కజొన్న చేలల్లో కందిచెట్లు. నేను కారు ఆపించి దిగాను. ప్రకాశం జిల్లా మెట్ట పొలంలో నిలబడ్డట్టే ఉంది. వీళ్లు నాండోలో అంటారు. పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టి, దోసిట్లో పోసుకుని తింటారు. ఎండుగింజలు చాలావరకు వ్యాపారుల చేతికి, అక్కణ్నుంచి మన దేశానికి వెళ్తాయి. ఏటా 50 వేల టన్నుల దాకా మలావి కందులు దిగుమతి చేసుకుంటామని 2021లో మన ప్రభుత్వం ఒప్పందం రాసుకుంది. ఒంగోలులో నేను వండిన పప్పులో ఈ చేల గింజ ఎన్నిసార్లు పడిందో అనుకుంటే, పొలంలో ఉన్న ఆ ముసలావిడ నాకు పరాయిదనిపించలేదు. రాత్రి కందిపప్పు, తోటకూర వండాను. తోటకూర ఇక్కడ పెరట్లలో దానంతటదే మొలుస్తుంది.

జూన్ 8, శనివారం

తెల్లారినప్పటి నుంచి ముసురు. చిపెరోనీ అంటారు దీన్ని, మొజాంబిక్ వైపున్న ఒక కొండ పేరు. అటునుంచి వచ్చే మంచు, తుంపర రోజుల తరబడి వదలదట. మా వారి మోకాళ్లు పట్టేశాయి. ఇద్దరం దుప్పట్లు కప్పుకుని కుంపటి దగ్గరే ఉన్నాం. అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి "మీకెందుకమ్మా ఈ కష్టం, వచ్చేయండి" అంది. ఏం చెప్పను. ఫోన్ పెట్టేశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం ప్రార్థనలో తెలుగు పాట ఎత్తుకున్నాం. రెండో చరణంలో ఇద్దరికీ గొంతు పూడుకుపోయింది.

జూన్ 9, ఆదివారం

ఈ రోజు గురించి ఎంత రాసినా తక్కువే. పాస్టరుగారు మమ్మల్ని ఆరాధనకి జాన్ చిలెంబ్వే గుడికి తీసుకెళ్లారు. ఈ దేశంలో 2000 క్వాచాల నోటు మీద బొమ్మ ఆయనదే. అమెరికాలో చదువుకుని 1900లో తిరిగొచ్చి, ఈ చిరాద్జులులోనే ప్రావిడెన్స్ ఇండస్ట్రియల్ మిషన్ పెట్టిన బాప్టిస్టు పాస్టరు. బడులు పెట్టారు, ఇటుకలతో పెద్ద గుడి కట్టించారు. పక్కనే తెల్లదొరల తోటలు. వాటి భూముల్లో కాపురం ఉన్నందుకు అద్దెగా జనం వెట్టిచాకిరీ చేయాలి. తోటలో కట్టుకున్న ప్రార్థన మందిరాలను మేనేజరు తగలబెట్టించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికన్లను ముందుకు తోసి చంపిస్తున్నారని చిలెంబ్వే పత్రికకు ఉత్తరం రాశారు. 1915 జనవరిలో తిరుగుబాటు చేశారు. ఫిబ్రవరి 3న ఆయన్ను కాల్చి చంపారు. గుడిని మందుగుండు పెట్టి కూల్చేశారు. 1926లో ఆయన శిష్యుడు డాక్టర్ డేనియల్ మలెకెబు తిరిగొచ్చి మిషన్ మళ్లీ తెరిచారు, గుడి మళ్లీ లేచింది.

తిరుగుబాటులో రక్తం పారింది, తోట మేనేజర్ని చంపారు. ఒక పాస్టరు ఆయుధం పట్టడం నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడలేదు. కానీ ఆ గోడ మీద చెయ్యి వేసినప్పుడు మా ఒంగోలు ప్రార్థన కొండ గుర్తొచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా దంపతులు జ్యూయెట్ గారు, వాళ్లావిడ, నెల్లూరు విశ్వాసులు కొందరితో కలిసి ఆ కొండెక్కి మా జిల్లా కోసం ప్రార్థించారు. చదువు, ఆసుపత్రి, మనిషిగా నిలబడే ధైర్యం మా తాత ముత్తాతలకు అలా అందాయి. మిషనరీ వల్ల మేలు పొందిన ఇంటినుంచి వచ్చినదాన్ని. మిషనరీలు వచ్చిన దారిలోనే దొరలూ వచ్చారని ఈ ఊరి జనానికి బాగా తెలుసు. ఇక్కడ నోరు తెరిచేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలని ఇద్దరం అనుకున్నాం.

ఆరాధన మూడు గంటలకు పైనే సాగింది. వాయిద్యాలేమీ లేవు. ఒక ఆడమనిషి వెనక బెంచీలోంచి పాట ఎత్తగానే గుడి మొత్తం నాలుగు గొంతులుగా చీలి అందుకుంది.

జూన్ 10, సోమవారం

మొదటి క్లాసు ఎనిమిదింటికి. మా వారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బోర్డు మీద తేదీ రాసి నిలబడ్డారు. ఎవరూ రాలేదు. తొమ్మిదయింది. పాస్టరమ్మ నడుముకి చితెంజె గుడ్డ చుట్టుకుని వచ్చి "మలీరో" అన్నారు. పక్క పల్లెలో చావు. నాకూ ఒక చితెంజె ఇచ్చి చుట్టుకోమన్నారు.

మన దగ్గర చావింటికి వెళ్తే దండ వేసి, పలకరించి, అరగంట కూర్చుని వచ్చేస్తాం. ఇక్కడ అలా కాదు. ఊళ్లో పొలం పనులన్నీ ఆపేశారు. మగవాళ్లు బయట దుంగల మీద, నేల మీద కూర్చున్నారు. కుర్రాళ్లు గుంట తవ్వడానికి వెళ్లారు. ఆడవాళ్లు లోపల, శవం చుట్టూ. అందరూ చాపల మీద కాళ్లు బారచాపుకుని కూర్చున్నారు. పెద్దల ముందు కాళ్లు చాపకూడదని పెరిగినదాన్ని, మొదట ఒళ్లు ముడుచుకుపోయింది. పక్కనున్న ముసలావిడ నా మోకాలు తడిమి, తన చేత్తోనే నా కాళ్లు ముందుకి చాపించింది. అలాగే కూర్చున్నాను, ఆవిడ భుజం నా భుజానికి ఆనుకుని. పోయినావిడ వయసు నలభై దాటి ఉంటుంది. కూతురు తల దగ్గర కూర్చుని ముఖం మీద వాలే ఈగల్ని తోలుతోంది. పాట ఆగితే ఏడుపు, ఏడుపు ఆగితే పాట. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నర్సుగా ఎన్నో చావులు చూసినదాన్ని, అన్నీ మంచం పక్కన నిలబడి, చేతిలో చార్టు పట్టుకుని చూసినవే. చాప మీద కూర్చుని చూడటం ఇదే మొదలు.

వెనక పెద్ద పెద్ద కుండల్లో న్సిమా వండుతున్నారు. మొక్కజొన్న పిండితో మన సంకటిలా గట్టిగా తిప్పుతారు. వచ్చిన ప్రతి ఆడమనిషి ఒక పళ్లెంలో పిండో, నెత్తిన కట్టెల మోపో తెచ్చింది. కరువులో ఆ పళ్లెం పిండి అంటే ఆ ఇంటి రేపటి తిండి. బయట ఒక కుర్రాడు నోటుబుక్కులో రాస్తున్నాడు: ఏ సంఘం ఎంత తెచ్చింది, ఏ పల్లె ఎంత ఇచ్చింది. పూడ్చేముందు అదంతా జనం ముందు పైకి చదువుతారట. మా వారు అతని పక్కనే కూర్చుని ఉన్నారు. క్లాసు పోయిందని పొద్దున్న ఎంత నొచ్చుకున్నారో నాకు తెలుసు. కాసేపటికి ఆ కుర్రాడు పుస్తకం ఆయన చేతికిచ్చాడు, కూడమని. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పిండి పళ్లాలు ఒకవైపు, కట్టెలు ఒకవైపు, డబ్బు ఒకవైపు గీత కొట్టి కూడి, రెండోసారి సరిచూసి ఇచ్చారు. పెద్దమనిషి ఒకాయన ఆ మొత్తాలు చదివినప్పుడు జనమంతా మా వారి వైపు తిరిగి, దోసిళ్లు గుల్లగా పట్టి మెల్లగా చప్పట్లు కొట్టారు. ఇది వీళ్ల దండం.

రాత్రి రేడియోలో వార్త. ఉపాధ్యక్షుడు సౌలోస్ చిలిమా ప్రయాణిస్తున్న విమానం ఉత్తరాన కనబడకుండా పోయింది.

జూన్ 11, మంగళవారం

చికంగావా అడవిలో విమానం శకలాలు దొరికాయి. ఎవరూ బతకలేదు. అధ్యక్షుడు చక్వేరా ఆ మాట చెప్తున్నప్పుడు పాస్టరుగారింట్లో గది నిండా జనం, గుమ్మం బయట కూడా నిలబడ్డారు. చిలిమా వెళ్తున్నది కూడా ఒక చావుకే. మాజీ మంత్రి రాల్ఫ్ కసంబారా అంత్యక్రియలకి. వాతావరణం బాగోక ముజుజులో దిగలేక వెనక్కి తిరిగారట. "మలీరోకి వెళ్లకుండా ఉండలేం కదా" అని పాస్టరమ్మ అన్నారు, అంతే. ఉపాధ్యక్షుడైనా, నిన్న కట్టెల మోపు తెచ్చిన మనిషైనా, వెళ్లి తీరాలి.

జూన్ 12, బుధవారం

అబ్బాయి ఫోన్ చేసి అమరావతి సంబరాల గురించి, ప్రమాణ స్వీకారం గురించి చెప్పాడు. ఇక్కడ జెండాలు సగానికి దించి ఉన్నాయి.

పాస్టరమ్మతో ఆసుపత్రికి వెళ్లాను. ఇక్కడి రిజిస్ట్రేషన్ లేకుండా నేను సూది ముట్టుకోకూడదు, ముట్టుకోను కూడా. నా పని రోగుల వెంట వచ్చినవాళ్ల మధ్య. గార్డియన్ అంటారు వాళ్లని. వాళ్లకి ఆసుపత్రి ఆవరణలో ఒక షెడ్డు, మూడు రాళ్ల పొయ్యిలు. వండి పెట్టడం, బట్టలుతకడం, రోగిని తిప్పి పడుకోబెట్టడం అన్నీ వాళ్లవే. గుంటూరు పెద్దాసుపత్రి వరండాల్లో కూర్చునే తల్లులే కళ్లముందు మెదిలారు.

కాన్పు వార్డులో నెల తక్కువ పిల్లల గదికి తీసుకెళ్లారు. పిడికెడంత బిడ్డని తల్లి రొమ్ముకి ఆనించి, చితెంజెతో గట్టిగా కట్టేశారు. బిడ్డ తల మీద ఊలు టోపీ, పాదాలకు మేజోళ్లు. తల్లి ఒంటి వెచ్చదనమే ఇంక్యుబేటరు. ఈ పద్ధతి మన దగ్గరా చెప్తాం. కానీ ఇక్కడ అమ్మమ్మ కూడా చొక్కా గుండీలు విప్పి, వంతు తీసుకుని కట్టుకుంటోంది. నేను చేతులు కడుక్కుని, ఆ ముడి ఎలా వేస్తారో చూపించమని ఒకావిడని అడిగాను. ఆవిడ నా రొమ్ముకి ఖాళీ గుడ్డ కట్టి చూపించింది. బిడ్డ మెడ వాలిపోకుండా గుడ్డ అంచు చెవి కిందకి రావాలి. ఇన్నేళ్లుగా నేను చెప్పింది నోటితో. ఆ అంచు ఎక్కడ ఆగాలో ఆవిడ వేలితో నొక్కి చూపించింది.

జూన్ 14, శుక్రవారం

మళ్లీ మలీరో. ఈసారి మా వారు క్లాసు ఊసెత్తలేదు. చొక్కా మీద స్వెట్టరు వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని నాకంటే ముందే గుమ్మం దిగారు. నేను ఒక పళ్లెం పిండి పట్టుకెళ్లాను. లోపల ఆ ముసలావిడే ఉంది. జరిగి చోటిచ్చింది.

జూన్ 16, ఆదివారం

రాత్రి భోజనాలయ్యాక ఆయన ఒంగోలు నుంచి తెచ్చిన పాఠాల ఫైలు ముందేసుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలతో మొదలుపెట్టి, బ్యాంకు వడ్డీ దాకా పద్ధతిగా రాసుకొచ్చారు. ఇంట్లో వారాల తరబడి కూర్చుని తయారుచేసింది. "ఏమోయ్, ఇది వీళ్లకి పనికిరాదు" అన్నారు. నేను కాదనలేదు. ఊరంతా నమ్మే లెక్క ఒకటుంది, అది చావింటి నోటుబుక్కులో ఉంది. ఎవరు ఎంత ఇచ్చారో పైకి చదువుతారు కాబట్టి అందులో ఒక్క క్వాచా పోదు. సంఘం కానుకల పుస్తకాన్ని మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. సందేహాలు, తగాదాలు అన్నీ అక్కడే. ఆ పైకి చదవడం ఇక్కడికి తెస్తే చాలని ఆయన అన్నారు. పాస్టరుగారు కూడా ఆలోచించి, కాపరులతో మాట్లాడదామన్నారు.

జూన్ 17, సోమవారం

చిలిమాను ఆయన సొంత ఊరు న్సిపెలో పూడ్చారు. పొద్దుణ్నుంచి రేడియో చుట్టూ చాపలు వేసుకుని కూర్చున్నాం, చలిలో. బయట మగవాళ్లు, లోపల ఆడవాళ్లు, అచ్చం చావింట్లో లాగే. మధ్యలో పచ్చి కందికాయలు ఉడకబెట్టి తలా దోసెడు పంచారు.

జూన్ 18, మంగళవారం

కాపరులందరూ వచ్చారు. కొందరు సైకిళ్ల మీద, చాలామంది కాలినడకన, చిపెరోనీలో తడిసి. బోర్డు మీద తేదీ కింద మా వారు ఐదు గడులు గీశారు: పేరు, పల్లె, పిండి, కట్టెలు, డబ్బు. ఒక ముసలి కాపరి తన సంచీలోంచి అట్ట ఊడిన నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. ఏడేళ్ల మలీరోలు ఉన్నాయందులో. క్లాసు ఆ పుస్తకంతోనే మొదలైంది. రేపు నేను ఆసుపత్రికి వెళ్లాలి, ఆ ముడి ఇంకా చేతికి రాలేదు. ఎల్లుండి మళ్లీ క్లాసు, మలీరో లేకపోతే.